బస్సు గోడల మాటున నిప్పు

స్లీపర్ బస్సుల వైరింగులో అడుగడుగునా లోపాలు
ఫిట్‌నెస్ పరీక్షకు అందని అసలు ప్రమాదం
బాడీ షెడ్డులోనే మొదలవుతున్న కథ

కర్నూలు: హైదరాబాద్, బెంగళూరు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారిపై రాత్రి పది దాటిందంటే ప్రైవేటు స్లీపర్ బస్సుల వరుస మొదలవుతుంది. రంగురంగుల దీపాలు, అద్దాలకు తెరలు, బెర్తుకో చార్జింగ్ పాయింటు, తలాపున చిన్న లైటు, చల్లని గాలి. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడికి కనిపించేది ఇంతే. ఆ లైటుకు, ఆ చార్జింగ్ పాయింటుకు కరెంటు తెచ్చే తీగ ఎక్కడినుంచి వస్తోంది, ఎంత మందం ఉంది, ఏ రేకు అంచును రాసుకుంటూ వస్తోంది అన్నది అతనికి కనిపించదు. బస్సును పరీక్షించే అధికారికి సైతం కనిపించదు. ప్లైవుడ్డు, రెగ్జిను బిగించిన తరువాత ఆ తీగల సంగతి వాటిని అమర్చిన ఎలక్ట్రీషియనుకు తప్ప మరొకరికి తెలియదు.

ఈ రహదారి రెండు పెద్ద దుర్ఘటనలను చూసింది. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట మండలం పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమైంది. దీపావళికి ఇళ్లకు బయలుదేరినవారితో సహా 45 మంది సజీవ దహనమయ్యారు. పన్నెండేళ్ల తరువాత, 2025 అక్టోబరు 24న, కర్నూలు జిల్లా కల్లూరు మండలం చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న బస్సు రోడ్డుపై పడి ఉన్న ద్విచక్ర వాహనాన్ని ఈడ్చుకుంటూ వెళ్లడంతో మంటలు చెలరేగి 19 మంది ప్రయాణికులు మరణించారు. అంతకు ముందే డివైడరును ఢీకొన్న ద్విచక్ర వాహనదారుడు కూడా ప్రాణాలు కోల్పోయాడు.

ఈ రెండింటిలోనూ మొదటి నిప్పు వైరింగు నుంచి పుట్టినది కాదు. ఒకచోట బస్సు డీజిలు ట్యాంకు, మరొకచోట మోటారు సైకిలు పెట్రోలు కారణమయ్యాయి. అయితే పుట్టిన నిప్పు నిమిషాల్లో బస్సంతా ఎలా వ్యాపించింది, లోపలివారు ఎందుకు బయటికి రాలేకపోయారు అన్న ప్రశ్న వేసుకుంటే సమాధానం బస్సు నిర్మాణంలోకి తీసుకుపోతుంది. చిన్నటేకూరు ఘటనలో తీగలు తెగి ప్రధాన ద్వారం తెరుచుకోలేదని అధికారులు అప్పట్లో వెల్లడించారు. ఏసీ కోసం అమర్చిన బ్యాటరీలు, సరుకుగా వేసిన మొబైల్ ఫోన్లు పేలి మంటల తీవ్రతను పెంచినట్లు అగ్నిమాపక శాఖ గుర్తించింది. అదే నెల 14న రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి జోధ్‌పూర్ వెళుతున్న ఏసీ స్లీపర్ బస్సు మరే వాహనాన్నీ ఢీకొనకుండానే తగలబడి, 20 మందికి పైగా మరణించారు. అక్కడ ప్రాథమికంగా అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే. అది పాత బస్సు కాదు, కొత్తది. బస్సు పాతబడినందువల్లనే మంటలు వస్తాయన్న వాదన అక్కడ నిలవలేదు.

ఒక బస్సు, ఇద్దరు తయారీదారులు

మన దేశంలో ప్రైవేటు బస్సుల్లో అధిక భాగం రెండు చోట్ల తయారవుతాయి. ఇంజను, చక్రాలు, స్టీరింగు, వాటికి అవసరమైన తీగలతో కూడిన చాసిస్ కంపెనీలో తయారై వస్తుంది. పైకప్పు లేకుండా, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరుతో రహదారిపై వెళ్లే చాసిస్‌లను చూడనివారుండరు. అది బాడీ బిల్డింగ్ షెడ్డుకు చేరిన తరువాత ఇనుప చట్రం, రేకులు, నేల, బెర్తులు, ఏసీ, దీపాలు అమరుస్తారు. తమిళనాడులోని కరూర్ బస్సు బాడీలకు పేరు పొందింది. విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలకు పెట్టింది పేరు.

చాసిస్‌తో వచ్చే తీగలకు లెక్క ఉంటుంది. ఏ తీగ ఏ రంగులో ఉండాలి, ఎంత మందం ఉండాలి, ఏ ఫ్యూజు గుండా పోవాలి అన్నది కంపెనీ నిర్ణయించి, యంత్రాలపై కట్ట కట్టి పంపుతుంది. చిక్కంతా షెడ్డులో కలిపే తీగలతోనే. నాణ్యమైన షెడ్లు పటం గీసుకుని ఆ ప్రకారం తీగలు లాగుతాయి. మిగిలిన చోట్ల పటం ఎలక్ట్రీషియను తలలోనే ఉంటుంది. అతను మరో షెడ్డుకు మారితే పటం కూడా అతనితోనే వెళ్లిపోతుంది. మూడేళ్ల తరువాత లైట్లు వెలగడం లేదని బస్సు మెకానిక్కు దగ్గరకు వస్తే, ఏ తీగ ఎటు పోయిందో తెలియక అతను కొత్త తీగ ఒకటి లాగుతాడు. పాతది తెగిన కొసతో గోడలోనే మిగిలిపోతుంది. దానిలో కరెంటు ఉందో లేదో ఎవరూ చూడరు.

పని జరిగే వరుస కూడా ప్రమాదాన్ని పెంచుతోంది. ఇనుప చట్రం పూర్తికాగానే తీగలు లాగుతారు. ఆ తరువాత వడ్రంగి వచ్చి ప్లైవుడ్డు బిగిస్తాడు, అటుపై ఫోము, రెగ్జిను పనివారు వస్తారు. స్క్రూ దించే వడ్రంగికి వెనుక తీగ ఎక్కడ ఉన్నదీ తెలియదు. స్క్రూ మొన తీగ పైతొడుగును గీసినా ఆ రోజు ఏమీ కాదు. దీపం వెలుగుతుంది, బస్సు షెడ్డు దాటుతుంది. లక్ష కిలోమీటర్ల కుదుపుల తరువాత ఆ గీత తెరుచుకుంటుంది.

తొందర ఎందుకంటే చాసిస్ కొన్న నాటినుంచే ఫైనాన్సు కిస్తీ మొదలవుతుంది. బస్సు షెడ్డులో ఉన్న ప్రతి రోజూ యజమానికి నష్టమే. దసరా, సంక్రాంతి రద్దీకి ముందు బస్సు చేతికి రావాలన్న ఒత్తిడి షెడ్డుపై పడుతుంది. షెడ్డు యజమాని దాన్ని గుత్తకు పనిచేసే ఎలక్ట్రీషియనుపైకి నెడతాడు. బెర్తు మెత్తగా లేకపోతే ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తాడు, రంగు బాగాలేకపోతే యజమాని డబ్బు ఆపుతాడు. తీగ సన్నగా ఉన్నదని ఫిర్యాదు చేసేవారెవరూ లేరు. డబ్బు మిగుల్చుకోవాలనుకున్నవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడో వేరే చెప్పనవసరం లేదు.

24 వోల్టులే కదా అన్న ధీమా

బస్సులో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టుల విద్యుత్తు వాడతారు. చేయి తగిలినా షాకు కొట్టదు. అందువల్ల ఇంటి కరెంటు కంటే ఇది భద్రమైనదన్న నమ్మకం షెడ్లలో బలంగా ఉంది. షాకు విషయంలో అది నిజమే. నిప్పు విషయంలో మాత్రం తీరు వేరు.

ఇంట్లో 230 వోల్టులపై 240 వాట్ల పరికరం నడవడానికి సుమారు ఒక ఆంపియరు కరెంటు చాలు. అదే 240 వాట్లు 24 వోల్టులపై నడవాలంటే 10 ఆంపియర్లు కావాలి. తీగను వేడెక్కించేది వోల్టులు కావు, ఆంపియర్లు. అదీ సమానంగా కాదు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, పదింతలైతే నూరింతలు అవుతుంది. ఇంటి వైరింగు నేర్చినవాడు ఇంట్లో బల్బుకు, ఫ్యానుకు వాడే తీగనే అలవాటు కొద్దీ బస్సులో వాడితే ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. పైగా ఇళ్లలో వాడే మామూలు పీవీసీ తీగ 70 డిగ్రీల వేడివరకే తట్టుకునేలా తయారైనది. బస్సు ఇంజను పక్క, ఏసీ పెట్టె పక్క ఎండాకాలంలో వేడి ఏ స్థాయిలో ఉంటుందో రాయలసీమ డ్రైవర్లకు తెలియనిది కాదు.

ముప్ఫై బెర్తుల బస్సులో బెర్తుకు పది వాట్ల చొప్పున ఫోన్లు చార్జింగు పెడితే 300 వాట్లు, అంటే పన్నెండున్నర ఆంపియర్లు. దీనికి తోడు చదువుకునే లైట్లు, టీవీ, సీసీ కెమెరాలు, అలంకార దీపాలు, అన్నింటికంటే ఎక్కువ కరెంటు లాగే ఏసీ ఫ్యాను మోటార్లు ఉంటాయి. ఇవన్నీ మొదట వేసిన లెక్కలో ఉంటే చిక్కు లేదు. పోటీ బస్సులో చార్జింగు పాయింట్లు ఉన్నాయని తెలిసి, రెండేళ్ల పాత బస్సుకు ఒక ఆదివారం పూట అమర్చినవైతేనే చిక్కు. కొత్త తీగకు కొత్త ఫ్యూజు పెట్టే ఓపిక లేక, దగ్గరలో ఉన్న లైటు తీగకే చుట్టి వదిలేస్తారు.

ఫ్యూజుకు దొరకని దొంగ

ఫ్యూజు ఎందుకు ఉంటుందన్న దానిపైనే అపోహ ఉంది. అది టీవీని, ఫోనును కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే తీగ కాలకముందే ఫ్యూజు కాలిపోవాలి. మాటిమాటికీ ఫ్యూజు పోతున్నదంటే ఎక్కడో తప్పు ఉన్నదని అర్థం. మన దారుల్లో జరిగేది వేరు. నడిరాత్రి లైట్లు ఆరిపోతే క్లీనరు పది ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో ముప్ఫైది గుచ్చుతాడు, అదీ లేకపోతే రాగి పోగు చుడతాడు. లైట్లు వెలుగుతాయి, ప్రయాణికులు శాంతిస్తారు. అప్పటినుంచి ఆ తీగే ఫ్యూజు అవుతుంది.

బస్సులో బ్యాటరీ రుణ ధ్రువాన్ని చాసిస్ ఇనుముకే కలుపుతారు. అంటే బస్సు ఒళ్లంతా ఒక తీగ కిందే లెక్క. ధన ధ్రువం నుంచి వచ్చే తీగ తొడుగు ఎక్కడ అరిగి రేకును తాకినా అక్కడ షార్ట్ సర్క్యూటే. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టె వరకు వచ్చే లావు తీగకు మధ్యలో ఫ్యూజు లేకపోతే, ఆ ముక్క ఎక్కడ రాసుకున్నా వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. అందుకే ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలంటారు. రేకుకు రంధ్రం చేసి తీగ దూర్చేచోట రబ్బరు బుష్షు వేయాలంటారు. దాని ఖరీదు కొన్ని రూపాయలు. అయినా పాత బస్సుల నేల విప్పి చూసిన మెకానిక్కులకు పదునైన రేకు అంచుపై ఒరిగి ఉన్న తీగలు తరచుగానే కనిపిస్తాయి.

వీటికంటే మోసకారి వదులు అతుకు. రెండు తీగల కొసలు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టే పద్ధతి ఇళ్లలో ఎంతకాలమైనా నడుస్తుంది, గోడ కదలదు గనుక. బస్సు కదులుతుంది, అదురుతుంది. వేడికి టేపు జిగురు కారిపోతుంది, మెలిక వదులవుతుంది, రాగి నల్లబడుతుంది. అతుకు దగ్గర నిరోధం ఒక ఓములో పదో వంతు పెరిగిందనుకుంటే, దాని గుండా 16 ఆంపియర్లు పారితే ఆ ఒక్క బిందువు దగ్గర 25 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవారు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ వేడి ఇంతే ఉంటుంది. అటువంటి దానిని ఫోము పరుపు వెనుక, ప్లైవుడ్డు చాటున, రాత్రంతా ఆన్ చేసి ఉంచినట్లు లెక్క. ఇక్కడ కరెంటు హద్దు దాటలేదు గనుక ఫ్యూజు పోదు. ఎంత మంచి ఫ్యూజు ఉన్నా ఈ దొంగను పట్టలేదు. లగ్గు వేసి యంత్రంతో నొక్కి, కదలకుండా పట్టీతో బిగించిన అతుకే దీనికి మందు.

నిప్పు రాజుకున్న తరువాత మిగిలిన పని బస్సు లోపలి వస్తువులే చేస్తాయి. పరుపుల ఫోము, తెరలు, రెగ్జిను, ప్లాస్టిక్ ప్యానెళ్లు మండితే మొదట వచ్చేది విషపు పొగ. పొగ పైకి ఎగబాకుతుంది గనుక పై బెర్తులో నిద్రించేవారికి మొదట అదే తగులుతుంది. కింద సన్నని దారి, చీకటి. లైట్ల తీగ కాలిపోయి ఉంటుంది. తలుపు మీటకు కరెంటు ఆధారమైతే అదీ పనిచేయదు.

నిబంధనలకు కొదవ లేదు

బస్సు బాడీ ఎలా ఉండాలో చెప్పే ఏఐఎస్-052 ప్రమాణం, స్లీపర్ బస్సులకు ప్రత్యేకంగా ఏఐఎస్-119 ఉన్నాయి. తీగలు, ఫ్యూజులు, అత్యవసర ద్వారాలు, లోపలి వస్తువులు మండే వేగం వీటి పరిధిలోకి వస్తాయి. ఇంజను భాగంలో మంటలను గుర్తించి ఆర్పే వ్యవస్థకు ఏఐఎస్-135 ఉంది. దూరప్రాంత బస్సుల ప్రయాణికుల భాగంలోనూ అగ్ని హెచ్చరిక, రక్షణ ఏర్పాట్లు ఉండాలని కేంద్రం 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది. బాడీ కట్టేవారు నమూనా బస్సుకు పుణెలోని ఏఆర్ఏఐ, సీఐఆర్‌టీ వంటి సంస్థల ఆమోదం తీసుకోవాలి. తరువాత కట్టే ప్రతి బస్సుకూ నిబంధనల ప్రకారమే కట్టామని ఫారం 22-ఎ పై ధ్రువీకరణ ఇవ్వాలి.

కాగితంపై ఇంత పకడ్బందీగా ఉన్న వ్యవస్థ రెండు చోట్ల జారిపోతోంది. ఆమోదం పొందిన నమూనాకు, ఆ తరువాత షెడ్డు నుంచి వచ్చే బస్సుకు మధ్య దూరం మొదటిది. రిజిస్ట్రేషను అయ్యాక జరిగే మార్పులు రెండవది. చిన్నటేకూరులో కాలిపోయిన బస్సు డామన్ డయ్యూలో రిజిస్టరై, తరువాత ఒడిశాలోని రాయగడకు మారిందని, 43 సీట్ల బస్సుగా అనుమతి పొంది స్లీపరుగా మారిందని అప్పట్లో వెలుగులోకి వచ్చింది. తిరిగేది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రోడ్లపై, కాగితాలు మాత్రం వందల కిలోమీటర్ల అవతలి కార్యాలయాల్లో. సీట్లు తీసి బెర్తులు వేయడమంటే లైట్లు, ఏసీ గాలి గొట్టాలు, చార్జింగు పాయింట్లు అన్నీ స్థానం మారడమే. అంటే తీగలన్నింటినీ కోసి మళ్లీ అతకడమే.

ఇలా అనుమతి లేకుండా మార్పులు చేయించిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లక్షలు పెట్టి బస్సును మార్చేవారికి రూ.5 వేలు ఏపాటి భయమో అర్థం చేసుకోవచ్చు.

ఫిట్‌నెస్ పరీక్ష మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా జరగాలి. బ్రేకులు, లైట్లు, పొగ, టైర్లు, సుత్తెలు, నిప్పు ఆర్పే సిలిండర్లు చూస్తారు. ప్యానెళ్లు విప్పి తీగలు చూడాలంటే ఒక్కో బస్సుకు ఒక పూట పడుతుంది. అంత సమయం, అందుకు తగిన సిబ్బంది రవాణా శాఖ వద్ద లేరు. బ్యాటరీ పెట్టె, ఫ్యూజు పెట్టె, ఏసీ పెట్టె మూతలు మాత్రం నిమిషాల్లో తెరవవచ్చు. రాగి పోగు చుట్టిన ఫ్యూజులు, నల్ల టేపు మెలికలు, బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా లాగిన తీగలు సగానికి సగం అక్కడే బయటపడతాయి. కనీసం ఆ మూడు మూతలైనా తప్పనిసరిగా తెరిపించాలన్న నియమం ఉండడం న్యాయం.

కారవాన్ల సంగతీ అంతే

సినిమా తారలు షూటింగుల్లో వాడే కారవాన్లు, నాయకుల ప్రచార రథాలు కూడా ఇటువంటి షెడ్లలోనే రూపుదిద్దుకుంటాయి. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకున్న నాటితో పోలిస్తే ఇప్పుడు వాటిలో ఫ్రిజ్, పొయ్యి, గీజరు, మంచం అన్నీ ఉంటున్నాయి. వీటికి ఏఐఎస్-124 పేరిట వేరే ప్రమాణం ఉంది. ఇక్కడ ప్రమాదం రెట్టింపు. 24 వోల్టుల తీగలతో పాటు ఇన్వర్టరు, జనరేటరు నుంచి వచ్చే 230 వోల్టుల తీగలు అదే గోడలో పక్కపక్కనే నడుస్తాయి. ఎర్తు సరిగా లేక, లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే బ్రేకరు లేకపోతే బండి రేకుకే కరెంటు రావచ్చు. టైర్లపై నిలబడి ఉన్నంతవరకు తెలియదు, నేలపై కాలు పెట్టి తలుపు పట్టుకున్నవాడికే తెలుస్తుంది.

ప్రయాణికుడు తీగలు చూడలేడు గానీ కొన్ని గుర్తులు పట్టగలడు. ప్లాస్టిక్ కాలుతున్న వాసన, చార్జింగు పాయింటు చేయి పెట్టలేనంత వేడెక్కడం, గుంతలో పడినప్పుడల్లా లైట్లు మినుకుమనడం, క్లీనరు మాటిమాటికీ ఫ్యూజు పెట్టె తెరవడం మామూలు విషయాలు కావు. అటువంటప్పుడు బస్సు ఆపించి అడిగే హక్కు టిక్కెట్టు కొన్నవారికి ఉంది. ఎక్కగానే వెనుక అత్యవసర ద్వారానికి అడ్డంగా బెర్తు గానీ సామాను గానీ ఉందేమో, అద్దం పగలగొట్టే సుత్తి చేతికి అందే చోట ఉందేమో చూసుకోవడానికి ఒక నిమిషం చాలు.

2025 అక్టోబరు దుర్ఘటనల తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రవాణా అధికారులు ప్రైవేటు బస్సులపై ముమ్మర తనిఖీలు జరిపి కేసులు నమోదు చేశారు. 2013లో పాలెం తరువాతా ఇలాగే జరిగింది. 2026 జనవరిలో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, ఇకపై స్లీపర్ బస్సులను ఆటోమొబైల్ కంపెనీలు, కేంద్రం గుర్తింపు పొందిన తయారీ కేంద్రాలు మాత్రమే నిర్మించాలని ప్రకటించారు. ఇది కొత్తగా కట్టే బస్సులకు సంబంధించిన మాట. ఇప్పటికే రోడ్డుపై ఉన్న బస్సుల్లో అగ్ని హెచ్చరిక పరికరాలు, అత్యవసర లైట్లు అమర్చాలని కూడా చెప్పారు. ఆ పరికరాలకు కరెంటు ఇవ్వాలంటే మళ్లీ అదే గోడలోని ఏదో ఒక తీగను కోసి అతకాలి. ఆ అతుకును ఎవరు వేస్తారు, లగ్గు నొక్కి వేస్తారా లేక టేపు చుట్టి వదిలేస్తారా, దాన్ని ఎవరు చూసి సంతకం చేస్తారు అన్నది యజమానులు, రవాణా శాఖ ముందుగానే తేల్చుకోవలసిన విషయం.